నవల – అచ్చు – చదువరి

సైదాబాదునుండి మలకుపేట, చాదరుఘాటు మీదుగా మూసీనది దాటి సుల్తాను బజారునకు పోవు త్రోవ హైదరాబాదువారికెల్ల తెలిసినదే. ఆ త్రోవకు ఈవలికొసన, సైదాబాదునకు చేరువలోనే, చంచల్‌గూడ కారాగారము కలదు. ఆవలికొసన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. తెలుగు నవల చరిత్రను వ్రాయబూనినవాడు కారాగారమును గాని, గ్రంథాలయమును గాని విడిచిపెట్టినచో ఆ చరిత్ర సగమే యగును. ఆ సంగతి ముందు తెలియగలదు.

ఈనాడు మన వీధులలో నవల వ్రాయవలెనను కోరిక గల యువతీయువకులు తక్కువగా లేరు. వారు పెద్దలను అడుగు ప్రశ్నలు రెండు. నవల వ్రాయుట ఎట్లు? వ్రాసినదానిని అచ్చు వేయించుట ఎట్లు? మూడవ ప్రశ్న యొకటి కలదు గాని దానిని అడుగువారు అరుదు. అచ్చయిన పుస్తకమును చదువువారెవరు? వారిని సంపాదించుట ఎవరి పని? మన పూర్వులు ఈ మూడవ ప్రశ్నతోనే ఆరంభించిరి. అందుచేతనే మొదటి రెండు ప్రశ్నలకును వారికి సమాధానము దొరకెను. ఈ వ్యాసమున చెప్పదలచినది ముఖ్యముగా ఇదియే.

తెలుగున నవల యను పేరు వాడుకలోనికి రాకముందే నవల పుట్టెను. 1872వ సంవత్సరమున నరహరి గోపాలకృష్ణమసెట్టిగారు “శ్రీరంగరాజ చరిత్రము”ను ప్రకటించిరి. వారు సర్కారు ఉద్యోగి. లంబాడీలలో పెరిగిన సోనాబాయి అందు కథానాయిక. రాజకన్యలను, అప్సరసలను మాత్రమే నాయికలుగా నెరిగిన వాఙ్మయమున ఇది క్రొత్త త్రోవ. అయినను ఆ గ్రంథము వెనుక ఒక పత్రిక లేదు. దానికొరకు కాచుకొనియున్న చదువరుల సమూహము లేదు. ముందు పుట్టియు, వెనుక పుట్టినదానికి గల ప్రసిద్ధి దానికి కలుగకపోవుటకు ఇదియే కారణము కావచ్చును.

కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్థితి వేరు. వారు 1874లో “వివేకవర్ధని”ని స్థాపించిరి. లంచగొండితనమును, బాల్యవివాహమును, వేశ్యాలోలత్వమును ఆ పత్రికలో ఖండించుచు, నాలుగేండ్లపాటు చదువరులను పోగు చేసికొనిరి. కొందరు వారిని మెచ్చిరి, కొందరు తిట్టిరి, ఇరుతెగలవారును చదివిరి. అటుపిమ్మట 1878లో “రాజశేఖర చరిత్రము”ను ఆ పత్రికలోనే భాగములుగా ప్రకటింప మొదలిడిరి. అది 1880లో పుస్తకమయ్యెను. 1887లో దాని ఆంగ్లానువాదము లండనులో వెలువడెను. కథను పత్రికలో అందుకొను గృహస్థు ముందుండెను. అతని వెనుక నవల వచ్చెను.

నవల వ్రాయుట ఎట్లను మొదటి ప్రశ్నకును ఈ గ్రంథమే ఒక సమాధానము చెప్పుచున్నది. పంతులుగారికి ఐరిషు రచయిత గోల్డుస్మిత్తు రచించిన “వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు” దారి చూపెను. ఒక సజ్జనుడు సంపద పోగొట్టుకొని, కుటుంబముతో ఇడుములు పడి, కడకు తేరుకొనుట అందలి కథ. పంతులుగారు ఆ చట్రమును గ్రహించిరే గాని అందలి ఇంటిని గ్రహింపలేదు. వారి రాజశేఖరుడు గోదావరి యొడ్డున ధవళేశ్వరమున కాపురముండును. అతని చావడిలో పనిలేని పొగడ్తకాండ్రు కూర్చుండిరి. అతని వాకిట బంగారము చేసిపెట్టెదనను బైరాగి నిలిచెను. ఇవి చదువరులు ప్రతిదినమును తమ ఊరిలో చూచుచున్న ముఖములు. పరదేశమునుండి పద్ధతి తెచ్చుకొనవచ్చును. మనుష్యులను మాత్రము మన వీధినుండియే తెచ్చుకొనవలెను. నూటనలువది యేండ్లు గడచినను నవల నేర్చుకొనువానికి ఇంతకంటె మేలైన పాఠము లేదు.

పుట్టిన బిడ్డకు పేరు పెట్టుటయు చదువరుల పనియే అయ్యెను. పంతులుగారు తమ గ్రంథమును వచన ప్రబంధమనిరి. దానిని విమర్శించుచు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు “నవల” యను మాటను వాడిరి. ఆ మాటయే నిలిచెను. గట్టిగా చదివి, తప్పులెన్ని, వాదించువాడొకడుండుట ఈ ప్రక్రియకు మొదటినుండియు ఎంత అవసరమో దీనివలన గ్రహింపవచ్చును.

తరువాతి ఘట్టము బహుమానములది. న్యాపతి సుబ్బారావు పంతులుగారు రాజమహేంద్రవరమున “చింతామణి” పత్రికను నడపుచు, 1890 తరువాతి సంవత్సరములలో నవలల పోటీలు పెట్టిరి. కంటిచూపు చాలని చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు “రామచంద్ర విజయము”తో 1894లో బహుమతి పొందిరి. ఖండవల్లి రామచంద్రుడుగారును ఆ పోటీలవలననే నవలాకారులుగా పేరొందిరి. నలువది యేండ్లకు పిమ్మట, 1934లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పెట్టిన పోటీలో విశ్వనాథ సత్యనారాయణగారి “వేయిపడగలు”, అడివి బాపిరాజుగారి “నారాయణరావు” బహుమానమును సమముగా పంచుకొనెను. గడువు తేదీ యొకటి లేనిచో ఇందు ఎన్ని నవలలు రచయితల మనస్సులలోనే ఉండిపోయెడివో!

అయితే బహుమానమునకు ఒక పరిమితి కలదు. అది గ్రంథకర్తకు గడువు నిచ్చును, ధనము నిచ్చును, కొంత గౌరవము నిచ్చును. చదువరిని మాత్రము ఇయ్యదు. న్యాయనిర్ణేతలు ముగ్గురో నలుగురో ఉందురు. వారి అభిరుచికి లోబడి వ్రాయుట అలవాటైనచో రచయిత చూపు ఊరి మీదినుండి తొలగి సభావేదిక మీదికి మరలును. చింతామణి పోటీలు ఫలించుటకు కారణము బహుమానపు సొమ్ము మాత్రమే కాదు. ఆ నవలలను ఇంటింటికి చేర్చు పత్రిక యొకటి వాని వెనుక నుండుట.

ఇంతవరకు చెప్పినది గోదావరీ తీరపు కథ, చెన్నపురి రాజధానిలోని కథ. ఇక మన హైదరాబాదునకు వత్తము. నైజాము రాష్ట్రమున ప్రజలలో సుమారు సగముమంది తెలుగువారు. కాని సర్కారు కచేరీలయందును, పెద్ద చదువులయందును రాజ్యమేలినది ఉరుదు. 1917లో ప్రభుత్వము భాషాంతరీకరణ శాఖనొకదానిని నెలకొల్పి, శాస్త్రగ్రంథములను ఉరుదులోనికి తెప్పించెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉరుదు బోధనాభాషగా ఆరంభమయ్యెను. దేశభాషలో ఉన్నతవిద్య గరపవచ్చునని నిరూపించిన గొప్ప ప్రయత్నమది. దానిని తక్కువ చేయరాదు. కాని దాని వెనుక రాజ్యపు బొక్కసము ఉండెను. తెలుగునకు బొక్కసము లేదు. తెలుగునకు ఉన్నదెల్ల చందాదారుడే.

ఆ చందాదారుని పోగు చేయు పని 1901 సెప్టెంబరు 1వ తేదీన, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపనతో, మొదలయ్యెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు మొదలగువారు దానికి పాటుపడిరి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము, 1905లో సికిందరాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము ఏర్పడెను. 1906లో ఈ హైదరాబాదులోనే లక్ష్మణరావుగారు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. చందా కట్టినవారికి చరిత్రము, శాస్త్రము, జీవితచరిత్రలు వరుసగా అందించుట దాని పద్ధతి. నవలలకును అది పోటీలు పెట్టి, విజయవంతములైన రచనలను తానే అచ్చువేసెను. కాని రెండేండ్లలోనే, 1908లో, మండలి చెన్నపురికి తరలిపోయెను. మేలైన ముద్రణాలయములు అక్కడ నుండెను. తలంపు హైదరాబాదుది, అచ్చు చెన్నపురిది. ఈ మాటను మన నగరపు తెలుగువారు మరువరాదు.

పిదప ఇరువది యేండ్లలో ఆ లోటును కొంత పూరించుటకు ప్రయత్నములు జరిగెను. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఒక తెలుగు వక్త తన భాషలో మాటాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. 1922లో నల్లగొండనుండి “నీలగిరి”, వరంగల్లు ప్రాంతపు ఇనుగుర్తినుండి “తెనుగు” పత్రికలు వెలువడెను. ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు పల్లెటూర తమ సొంత ముద్రణాలయమును నెలకొల్పిరి. పత్రికను నడపుచు నవలలను, అనువాదములను వెలువరించిరి. వారిలో సీతారామచంద్రరావుగారు “రుద్రమదేవి” నవలను రచించిరి. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారి “గోలకొండ పత్రిక” వచ్చెను. 1928లో మాడపాటి హనుమంతరావుగారు బాలికలకు తెలుగు బోధనాభాషగా పాఠశాలను స్థాపించిరి. పాఠశాలను నవల చరిత్రలో చేర్చుట ఎందుకని కొందరు అడుగవచ్చును. మధ్యాహ్నమున వంటపని ముగిసిన పిమ్మట ఇంట కథల పుస్తకమును చేతబట్టునది ఎక్కువగా గృహిణియే కదా! ఆమెకు అక్షరము రానిచో నవలకు సగము చదువరులు పుట్టకమున్నే పోయినట్లు.

1934లో ప్రతాపరెడ్డిగారు “గోలకొండ కవుల సంచిక”ను ప్రకటించిరి. తెలంగాణమున కవులు లేరను నిందకు అది సమాధానము. అందు 354 మంది కవులు కనబడిరి! ఆ కాలమున తెలంగాణపు నవలాకారులను లెక్కించినచో చేతివ్రేళ్లు చాలును. శక్తి లేక కాదు. పద్యము నాలుకపైన నిలుచును. ఒకరి నోటినుండి మరియొకరి చెవికి కాగితము లేకయే పోగలదు. నవల అట్లు పోలేదు. దానికి సీసపు అక్షరములు కావలెను, రీములకొలది కాగితము కావలెను, ప్రూఫులు దిద్దువాడు కావలెను, కొనువాడు కావలెను, కొన్నదానిని పదిదినములు కూర్చుండి చదువు తీరిక కావలెను. 354 మంది కవులుండియు నవలలు పలుచబడి యుండుటయే, ఈ ప్రక్రియ రచయిత యొక్కనివలన పుట్టదనుటకు గట్టి సాక్ష్యము.

ఈ సత్యమును తన జీవితముతో చూపినవారు వట్టికోట ఆళ్వారుస్వామిగారు. వారు 1915లో నల్లగొండ మండలమున చెరువు మాధారమున జన్మించిరి. బాల్యముననే తండ్రి పోయెను. ఇతరుల ఇండ్లలో వంటచేసి చదువుకొనిరి, భోజనశాలలో పనిచేసిరి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దిరి. 1938లో, తమ యిరువదిమూడవ యేట, సికిందరాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. ఆ యేడు పరమపదించిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి స్మృతికై ఆ పేరు పెట్టిరి. పుస్తకములను అచ్చు వేయించుటతో తమ పని తీరినదని వారు తలంపలేదు. వానిని మోసికొని ఊరూర తిరిగి, గడపగడపకు అమ్మిరి. తన పుస్తకమును కొను రైతు ముఖమును, కొనలేని రైతు ముఖమును కూడ వారు స్వయముగా చూచిరి.

ఆళ్వారుస్వామిగారి తొలి నవల “ప్రజల మనిషి” 1955లో వెలువడెను. అనగా ఇతరుల పుస్తకములు మోయ మొదలిడిన పదునేడేండ్లకు తమ నవల వచ్చెనన్నమాట. దిమ్మెగూడెమను గ్రామము, రామభూపాలరావను దొర, కంఠీరవమను యువకుడు, వెట్టిచాకిరి, ఆంధ్రమహాసభా కాలపు మేలుకొలుపు అందు వర్ణితములు. తెలంగాణపు పల్లె తన కష్టమును తాను నవలలో చూచుకొనుట అప్పటికి క్రొత్త. ఆ పదునేడేండ్లు వ్యర్థమయ్యెనని చెప్పజాలము. గ్రంథవిక్రయమే వారికి నవలా పాఠశాల. వారు కలిసికొన్న ప్రతి చదువరియు ఒక గురువు.

కారాగారమును గూర్చి చెప్పెదనంటిని. ఉన్నవ లక్ష్మీనారాయణగారు “మాలపల్లి”ని వేలూరు చెరలో రచించిరి. అది 1922లో వెలువడగా చెన్నపురి ప్రభుత్వము నిషేధించెను. 1928లో మార్పులతో అనుమతించెను. 1936లో మరల నిషేధించెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము ఆ నిషేధమును తొలగించెను. ఆళ్వారుస్వామిగారును నిజాము చెరసాలలలో ఉండిరి. ఆ యనుభవమునుండి “జైలు లోపల” కథలు పుట్టెను. నిజామాబాదు జైలులో వారితోడ నున్న దాశరథి కృష్ణమాచార్యులుగారు 1949లో తమ “అగ్నిధార”ను వారికే అంకితమిచ్చిరి. ప్రభుత్వములు కాగితమునకు భయపడవు, చదువరికి భయపడును. ఎవరును చదువని పుస్తకమును నిషేధించుటకు ఏ ప్రభుత్వమునకును తీరిక యుండదు. చదువరి యెంత బలవంతుడో మనకంటె ముందు గ్రహించినది ఆ నిషేధపు ఉత్తరువులు వ్రాసినవారే.

ఆళ్వారుస్వామిగారు 1961లో మరణించిరి. వారి రెండవ నవల “గంగు” అసంపూర్ణముగా నిలిచిపోయెను. తెలంగాణ ప్రజాజీవితమును నవలల వరుసగా చెప్పవలెనను వారి సంకల్పమును దాశరథి రంగాచార్యులుగారు తలకెత్తుకొనిరి. “చిల్లర దేవుళ్లు”, “మోదుగుపూలు”, “జనపదం” అను నవలలలో తెలంగాణపు పలుకుబడిని సంకోచము లేక వాడిరి. మన మాట నవలకు తగదను సందేహము దానితో చాలవరకు తొలగెను. ఒకరు తెచ్చిన చదువరులకు వేరొకరు కథ చెప్పుట మన భాషలో అరుదు. ఇచట అది జరిగెను.

ఇప్పటి స్థితిని చూతము. పూర్వము పదునారు పుటల ఫారమునొక్కదానిని కూర్చుటకు కంపోజిటరు దినములకొలది అక్షరమక్షరము పేర్చుచుండెను. వేయి ప్రతులకు తక్కువైనచో ఖర్చు గిట్టుబాటయ్యెడిది కాదు. ఇప్పుడు ఇంట కూర్చుండి కంప్యూటరుపై నవలను కూర్చుకొనవచ్చును. వంద ప్రతులనైనను, పది ప్రతులనైనను అచ్చు వేయించుకొనవచ్చును. పుస్తకమునకు వలయు అంతర్జాతీయ ప్రామాణిక సంఖ్యను రాజా రామమోహన రాయ్ పేరిటనున్న ప్రభుత్వ సంస్థ ఉచితముగా ఇచ్చుచున్నది. 1957నాటి చట్టము ప్రకారము, వ్రాసినతోడనే గ్రంథస్వామ్యము రచయితకు కలుగును. దానిని నమోదు చేయించుట తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలమును, ఆపైన అరువదియేండ్లును అది నిలుచును. కావున సొమ్ము తీసికొని హక్కులనెల్ల వ్రాయించుకొను ప్రచురణకర్త యెదుట చేవ్రాలు చేయుటకు ముందు ఒడంబడికను రెండుమార్లు చదువవలెను. అచ్చు వేయించుట ఎట్లను ప్రశ్న ఇట్లు చాలవరకు తీరినది. తీరనిది మూడవ ప్రశ్నయే. అచ్చయిన ప్రతులు కట్టలుగా అటకలపైన దుమ్ము పట్టుచున్నవి. పూర్వము చదువరులుండియు అచ్చు దొరకలేదు. నేడు అచ్చు దొరకియు చదువరులు దొరకుటలేదు.

కావున నవల వ్రాయబూనిన సైదాబాదు యువకునకు, యువతికి చరిత్ర చెప్పు హితవు ఇది. మొదట నీ వీధిని చూడుము. తెలుగు, ఉరుదు ఒకే అరుగుపైన కలిసి వినబడు ఈ పాతనగరమునకు సాటియైన కథావస్తువు వేరొకచోట వెదకనక్కరలేదు. వ్రాసిన ప్రకరణమును వ్రాసినట్లే ఇంటివారికి చదివి వినిపింపుము. ఎచట వారు ఆవులింతురో అచట కలము పెట్టి కొట్టివేయుము. వీలైనచో పత్రికలో భాగములుగా ప్రకటింపుము. నెలనెలకు వచ్చు ఉత్తరము వంద ప్రశంసాపత్రములకంటె మేలు. నీ పుస్తకము వెలువడుటకు ముందు ఇతరుల పుస్తకములు పదియైనను కొని, చదివి, నలుగురిచేత చదివింపుము.

గృహస్థులమైన మనకును ఇందు పని కలదు. పండుగకు వస్త్రములు కొనునట్లే ఏటేట కొన్ని తెలుగు పుస్తకములు కొనుట, పేటలోని గ్రంథాలయమునకు చందా కట్టుట, పిల్లలచేత రాత్రివేళ ఒక ప్రకరణమైనను బిగ్గరగా చదివించుట – ఇవి పెద్ద త్యాగములు కావు. 1901లో సుల్తాను బజారు ప్రాంతమున గుమిగూడిన పెద్దలు చేసినదియు ఇంతకుమించినది కాదు. వారు నవల వ్రాయలేదు. నవల వ్రాయబడుటకు తగిన చదువరులను మనకు విడిచిపోయిరి. మనము మన బిడ్డలకు ఎట్టి చదువరులను విడిచిపోవుదుమో యోచింపవలెను.